చిగురు వేరు, వేరు వేరు: మందార కొమ్మల డైరీ

జూన్ 12

మా అపార్ట్‌మెంట్ ప్రహరీ గోడ వెంబడి 40 అడుగుల పొడవున ఒక మట్టిగట్టు ఖాళీగా పడి ఉంది. మల్కాజిగిరిలో అంత నేల సిమెంటు పరచకుండా మిగలడమే విశేషం. ఇంతకాలం అక్కడ పిచ్చిమొక్కలు, పగిలిన టైల్స్ ముక్కలు తప్ప మరేమీ లేవు. మొన్నటి సమావేశంలో అక్కడ మందార కంచె పెంచుదామని నేను ప్రతిపాదించగా, సంఘం డబ్బు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాకూడదన్న షరతు మీద అందరూ ఒప్పుకున్నారు. మూడడుగులకు ఒకటి చొప్పున లెక్కిస్తే 14 మొక్కలు కావాలి. వాటిని కొమ్మల నుంచే తీయాలని నిశ్చయించుకుని ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

మందారను కొమ్మతోనే పెంచడానికి కారణం ఉంది. మన పెరళ్ళలో కనిపించే ఎర్రటి రేకు మందార గింజ కట్టడం చాలా అరుదు. ముద్ద మందారలోనైతే కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి కనుక ఆ ఆశ మరీ తక్కువ. అదే కుటుంబానికి చెందిన బెండ, గోంగూర, పత్తి ఏటేటా గింజ నుంచి మొలుస్తూ ఉంటే, మందార మాత్రం ఒక పెరటి నుంచి మరో పెరటికి కొమ్మగానే చేతులు మారుతూ వచ్చింది.

మూడు చెట్లు ఎంచుకున్నాను. వనస్థలిపురంలో అక్కావాళ్ళ పెరట్లో పాతికేళ్ళుగా ఉన్న రేకు మందార మొదటిది, కంచెకు పనికివచ్చేది అదే. రెండవది అదే పెరట్లోని ముద్ద మందార. మూడవది మా ఆఫీసులో ఒకరు గింజలు తెప్పించి మేడ మీద తొట్టిలో పెంచుతున్న హార్డీ హైబిస్కస్. పళ్ళెమంత పువ్వు పూసే ఈ మొక్కకు పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని చిత్తడి నేలలు. అక్కడ చలికాలంలో నేల పైనున్న కాడలన్నీ ఎండిపోయినా, వసంతం రాగానే మొదట్లోంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. హార్డీ అన్న పేరు ఆ చలిని తట్టుకున్నందుకు వచ్చింది. అలాంటి చలి తగిలితే మన మందార నిలవదు. హైదరాబాదులో మంచు పడదు కనుక ఇక్కడ ఆ మొండితనానికి పరీక్ష పెట్టేది ఏప్రిల్ ఎండే. మన మందారకు హైబిస్కస్ రోజా సైనెన్సిస్ అనీ, దీనికి హైబిస్కస్ మోస్క్యూటోస్ అనీ లినేయస్ 1753లో ఒకే గ్రంథంలో పేర్లు పెట్టాడు. పేరులో దగ్గరతనం ఉన్నా కొమ్మ గుణంలో మాత్రం పోలిక లేదు: మందార కొమ్మ ముదిరి కట్టెవుతుంది, హార్డీ కాడ గోంగూర కాడలా పచ్చగానే ఉండిపోతుంది. కనుక రెండింటికీ ఒకే పద్ధతి కుదరదు.

నిరుడు మే నెలలో 10 కొమ్మలు నాటి పదింటినీ పోగొట్టుకున్న అనుభవం నాకుంది. వేరు లేని కొమ్మ నీటిని తగినంత పీల్చుకోలేదు, ఆకుల గుండా నీరు ఆవిరి కావడం మాత్రం ఆగదు. 40 డిగ్రీలు దాటిన పొడి గాలిలో ఆ కొమ్మలు నాలుగు రోజుల్లోనే అప్పడాల్లా ఎండిపోయాయి. ఈసారి తొలకరి పడి, గాలిలో తేమ చేరేదాకా ఆగాను.

జూన్ 15

తెల్లవారి ఆరు గంటలకే వనస్థలిపురం చేరుకున్నాను. రాత్రంతా నీరు తాగిన కొమ్మ ఆ వేళకు నిండుగా ఉంటుంది. కత్తెర తీయగానే అక్క గుమ్మంలోకి వచ్చి, “పూసే కొమ్మలన్నీ తెంపుకుపోతే శుక్రవారం దేవుడికి ఏం పెట్టనే?” అని అడ్డుపడింది. నాకు పూసే కొమ్మలతో పని లేదని, మొగ్గ తొడిగిన కొమ్మ తన బలాన్ని పువ్వుకే ఖర్చు చేస్తుంది కనుక వేరుకు మిగిలేది తక్కువని వివరించాక గానీ పక్కకు జరగలేదు.

ప్రతి కొమ్మకూ కొన లేతగా, మొదలు బూడిదరంగు తిరిగి ముదురుగా ఉంటుంది. ఈ రెంటికీ నడుమ ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు మారుతున్న నడికారు భాగమే నాకు కావలసినది. పెన్సిల్ లావున, 15 సెంటీమీటర్ల పొడవున, కనీసం నాలుగు కణుపులు ఉండేటట్లు కోశాను. గోటితో కొద్దిగా గీకితే బెరడు కింద పచ్చటి తడి పొర కనిపించాలి, కనిపించని వాటిని అక్కడే వదిలేశాను. అడుగున కణుపుకు కాస్త కిందుగా ఏటవాలు కోత, పైన కణుపుకు ఒక సెంటీమీటరు ఎగువన అడ్డకోత పెట్టాను. కోతలు ఇలా వేర్వేరుగా ఉంటే నాటేటప్పుడు కొమ్మ తలకిందులు కాదు. చూస్తే ఇదొక చాదస్తంలా ఉంటుంది గానీ, ముప్పై పుల్లలు ఒకే తడిగుడ్డలో కలిసిపోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. రేకు మందారవి 18, ముద్ద మందారవి 12 కోసి తెచ్చాను.

ఇంటికి రాగానే పై రెండు ఆకులు మాత్రం ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరించాను. ఆకులన్నీ దూసివేస్తే నీటి నష్టం ఆగుతుంది కదా అనిపిస్తుంది గానీ, కొమ్మకు ఆహారం తయారు చేసేది ఆ ఆకే, వేరు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగేది కూడా ఆకుల నుంచి, మొగ్గల నుంచే.

మిశ్రమానికి నానబెట్టి ఉప్పు పోయేలా కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, ఇసుక సగం అనుకున్నాను. నగరంలో నది ఇసుక ఒక బకెట్ మాత్రం ఎవరూ అమ్మరు కనుక, పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి రోబో శాండ్ తెచ్చుకున్నాను. అది రాయిని పిండి చేసి తీసినది కాబట్టి సన్నటి దుమ్ము బాగా ఉంటుంది. రెండుసార్లు నీళ్ళు పోసి కడిగి, ఇక చాలనుకున్నాను.

ఒక్కో రకంలో సగం కొమ్మల అడుగులను 3,000 పీపీఎం (పది లక్షల పాళ్ళకు 3,000 పాళ్ళు) బలమున్న, ఆక్సిన్ రకానికే చెందిన ఐబీఏ హార్మోన్ పౌడర్‌లో అద్ది, మిగతా సగం ఏమీ అద్దకుండా వదిలాను. కలబంద గుజ్జు, తేనె, దాల్చినచెక్క పొడి వేరు పట్టిస్తాయని చాలామంది చెబుతారు. ఆ మూడూ నేనూ వాడి చూశాను, తేడా కనిపించలేదు. కొమ్మను నేరుగా మట్టిలోకి గుచ్చితే అద్దిన పొడి పైనే రాలిపోతుంది కనుక ముందు పెన్సిల్‌తో గుంత చేసి, రెండు కణుపులు లోపలికి దిగేటట్లు నాటి, చుట్టూ వేలితో అదిమాను. ముప్పై నల్ల కవర్లనూ మేడ మీద వాటర్ ట్యాంకుకు ఉత్తరం వైపు నీడలో చేర్చి, ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్లను అడుగు కోసి మూడేసి కవర్లకు ఒకటి చొప్పున బోర్లించాను. క్యాన్ మీద ఎండ నేరుగా పడితే లోపలి కొమ్మ ఉడికిపోతుంది, అందుకే వెలుతురు ఉండి ఎండ తగలని చోటు వెతికాను.

హార్డీ కాడలు మాత్రం ఆరే దొరికాయి. అవి లేతవి కనుక 12 సెంటీమీటర్ల కొనలు కోసి, ముదురు రంగు గాజు సీసాల్లో మూడు వేళ్ళ లోతు నీరు పోసి నిలబెట్టాను.

జూన్ 25

సీసాల్లోని హార్డీ కాడలకు నీటిలో మునిగిన భాగమంతా బియ్యపు నూకంత తెల్లటి బొడిపెలు వచ్చాయి. రోజు విడిచి రోజు నీరు మార్చడం తప్ప నేను చేసింది ఏమీ లేదు. చిత్తడిలో పుట్టిన మొక్కకు ఇది పుట్టింటి అలవాటే. ఒక కాడ మాత్రం మెత్తబడి నీటిని మురగబెట్టడంతో తీసేశాను.

జూలై 1

ఈ ఉదయం క్యాన్లు ఎత్తి చూసి సంబరపడిపోయాను. రేకు మందారలో 16, ముద్ద మందారలో 9 కొమ్మలకు కణుపుల దగ్గర వడ్లగింజంత పచ్చటి చిగుళ్ళు వచ్చాయి, కొన్నింటికి ఆకులు కూడా విచ్చుకున్నాయి. ముప్పైకి 25 బతికాయని అమ్మతో గొప్పగా చెప్పి, పెద్ద కవర్లు కొందామని సాయంత్రం ఈసీఐఎల్ వైపున్న ఒక నర్సరీకి వెళ్ళాను.

అక్కడ కడియం నుంచి వచ్చిన లారీలోంచి మొక్కలు దించుతున్న పెద్దాయనకు నా లెక్క చెప్పాను. ఆయన నవ్వి, “చిగురు జూసి మురుస్తున్నవా బిడ్డా? అడుగు జూసినవా?” అని అడిగాడు. చూడలేదన్నాను. “అట్లయితే పెద్ద కవర్లు ఇప్పుడే కొనకు” అని తన పనిలో పడ్డాడు. అమ్ముకునే మనిషే కొనవద్దన్నాడు కదా అని వట్టి చేతులతో వచ్చేశాను గానీ, ఆ మాట నాకు అంతగా రుచించలేదని కూడా రాసుకోవాలి.

జూలై 6

మూడు రోజులుగా చిగుళ్ళు ఒక్కొక్కటే తల వాలుస్తున్నాయి. నీరు తగ్గిందేమోనని నిన్న ఇంకొంచెం పోశాను. ఈరోజు మరో నాలుగు వాలాయి. పెద్దాయన మాట గుర్తుకొచ్చి, అన్నింటికంటే బాగా చిగిర్చి ఇప్పుడు వాడిన ఒక రేకు మందార కవరును కత్తెరతో నిలువునా చీల్చాను.

వేరు లేదు. నూలుపోగంత వేరు కూడా లేదు. కొమ్మ అడుగు రెండంగుళాల మేర నల్లబడి, వేళ్ళతో పట్టుకుంటే బెరడు తడిసిన కాగితంలా జారి లోపలి తెల్లటి పుల్ల బయటపడింది. మురుగు వాసన వస్తోంది. నల్లబడిన చోటికి పైన మాత్రం కొమ్మ ఇంకా పచ్చగా ఉంది, దాని మీద నాలుగు ఆకులు కూడా ఉన్నాయి.

అప్పుడు గానీ విషయం బోధపడలేదు. కొమ్మ కోసేనాటికే దాని కట్టెలో కొంత పిండిపదార్థం, కొంత నీరు నిల్వ ఉంటాయి. వెచ్చదనం, తేమ తగలగానే కణుపులోని మొగ్గలు ఆ నిల్వతోనే విచ్చుకుంటాయి, అందుకు వేరు అక్కరలేదు. ఆ నిల్వ అయిపోయేలోగా అడుగున వేరు పుడితే కొమ్మ మొక్క అవుతుంది, పుట్టకపోతే చిగురే కొమ్మను తినేసి తానూ వాలిపోతుంది. ఇన్నాళ్ళుగా నేను బతుకుతున్నాయని లెక్క వేసుకున్నవి నిజానికి దాచుకున్న సొమ్ము ఖర్చు పెట్టుకుంటున్నాయి.

కుళ్ళుకు కారణం కూడా అదే కవరులో కనిపించింది. సరిగా కడగని రోబో శాండ్‌లోని సన్నపు దుమ్ము నీటితో పాటు కిందికి దిగి, అడుగున ఒక అంగుళం మందాన సిమెంటు పూతలా పేరుకుని రంధ్రాలను మూసేసింది. పైన తేలికగా పొడిగా కనిపించే మిశ్రమం కింద కొమ్మ అడుగు బురదలో నానుతోంది. వేరు పుట్టాలన్నా కణాలకు గాలి అందాలి. తప్పు పూర్తిగా నాదే, వాడిపోతే దాహమనుకుని ఇంకా నీరు పోశాను.

జూలై 9

మిగిలినవి రేకు 11, ముద్ద 4. వాటిని పెకలిస్తే అప్పుడే మొదలైన వేరు ఏదైనా ఉంటే తెగిపోతుంది కనుక కవర్లను ముట్టుకోకుండా, కాల్చిన సూదితో అడుగున, పక్కల కొత్త రంధ్రాలు పెట్టి, ఇటుకల మీదికి ఎత్తాను. లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కార్బెండాజిమ్ అనే బూజు మందు కలిపి ఒక్కసారి తగుమాత్రం పోశాను. ఆ తర్వాత నీరు పోసే పద్ధతే మార్చుకున్నాను: కవరును చేత్తో ఎత్తి, బరువు తగ్గిందనిపిస్తేనే పోస్తున్నాను.

అక్కను మళ్ళీ బతిమాలి రేకు 8, ముద్ద 6 కొమ్మలు కొత్తగా తెచ్చాను. ఈసారి రోబో శాండ్‌ను బియ్యం జల్లెడతో జల్లించి, పైన మిగిలిన గరుకును మాత్రం తీసుకుని, నీరు తేటగా దిగేదాకా ఏడుసార్లు కడిగాను. గరుకు రెండు పాళ్ళు, కోకోపీట్ ఒక పాలు. అన్నింటికీ హార్మోన్ అద్దాను. కవర్లకు బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులు తీసుకుని, అడుగున రంధ్రాలు చేసి, ప్రతి గ్లాసుకూ న్యూస్‌పేపర్‌తో ఒక తొడుగు చుట్టాను. వేరు వెలుతురును ఇష్టపడదు కనుక తొడుగు ఎప్పుడూ ఉండాలి, నాకు చూడాలనిపించినప్పుడు గ్లాసును దానిలోంచి పైకి లాగి మళ్ళీ దించేస్తే సరిపోతుంది. పెద్దాయన అడుగు చూడమన్నాడు కదా, అందుకు ఇంతకంటే సులువైన దారి నాకు తోచలేదు.

హార్డీ కాడలు ఐదింటికీ రెండంగుళాల వేళ్ళు వచ్చాయి. నీటిలో పెరిగిన వేళ్ళు గాజుపోగుల్లా పెళుసుగా ఉంటాయి కనుక ఇంకా పొడవు పెరగనీయకుండా ఈరోజే తొట్లలోకి మార్చి, అడుగున పళ్ళేలు పెట్టి వాటిలో నీరు నిలబెట్టాను. మందార అడుగున నీరు నిలిస్తే కుళ్ళింది, దీనికేమో పళ్ళెంలో నీరు ఎండకూడదు.

జూలై 19

బోనాలకు చుట్టాలు రావడంతో నాలుగు రోజులు మేడ ఎక్కలేదు. వానలు పడుతున్నాయి కనుక నష్టం లేదు.

జూలై 27

గ్లాసు తొడుగు తీసి చూసే అలవాటు మొక్కల కంటే నాకే ఎక్కువ అవసరమైపోయింది. పద్దెనిమిదో రోజున, అంటే ఈ ఉదయం, మూడవ నంబరు గ్లాసులో మొదటి వేరు కనిపించింది. అంతకు వారం ముందే ఏటవాలు కోత చుట్టూ పెసరగింజంత తెల్లటి గట్టి కండ ఏర్పడటం చూశాను, దానినే క్యాలస్ అంటారు. అది వేరు కాదు. వేరు ఆ కండకు రెండు మిల్లీమీటర్ల పైన బెరడును చీల్చుకుని పక్కకు వచ్చింది. సేమ్యా పోగంత లావున, పాలలా తెల్లగా, కొన వద్ద కొద్దిగా పసుపుగా ఉంది, గరుకు రాళ్ళ సందుల్లో వంపులు తిరుగుతూ గ్లాసు గోడను తాకింది. చిత్రమేమిటంటే ఆ కొమ్మకు పైన ఇంతవరకు ఒక్క చిగురు కూడా లేదు. పక్కనే మూడు ఆకులు విప్పి నిలబడిన ఆరవ నంబరు గ్లాసులో కండ తప్ప ఏమీ లేదు.

పాత కవర్లలో చూసే వీలు లేదు కనుక కొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని వెంట్రుక లాగినంత మెల్లగా పైకి లాగి చూస్తున్నాను. ఎనిమిది కొమ్మలు పట్టు ఇచ్చాయి. ఒకటి మొత్తంగా చేతిలోకి వచ్చేసింది.

ఆగస్టు 10

ఈరోజు అన్నింటినీ లెక్కించాను. మొదటి విడత రేకు మందార 18 కొమ్మల్లో 9 వేరు పట్టాయి. వాటిలో హార్మోన్ అద్దినవి 6, అద్దనివి 3. ముద్ద మందార 12లో రెండే మిగిలాయి, రెండూ హార్మోన్ అద్దినవే. రెండవ విడతలో రేకు 8కి 7, ముద్ద 6కి 4 వేరు పట్టాయి. హార్మోన్ పనిచేసిందని చెప్పడానికి మొదటి విడత అంకెలు కొంత బలమిస్తున్నా, ఇన్ని తక్కువ కొమ్మలతో గట్టిగా మాట్లాడలేను. రెండవ విడతలో మిశ్రమాన్నీ, నీటి పద్ధతినీ, హార్మోన్‌నూ ఒకేసారి మార్చాను కనుక మెరుగుదల దేని వల్ల వచ్చిందో విడదీయలేను. కుళ్ళిన కవర్లను కళ్ళారా చూసినదానిగా, నా ఓటు మాత్రం గరుకు ఇసుకకే.

ముద్ద మందార మొండిదని అక్క ముందే చెప్పింది. దానికి ఇక కొమ్మలు కోయకుండా, చెట్టు మీద ఉండగానే కొమ్మకు బెరడు ఉంగరంలా తీసి తడి నాచు కట్టే గూటీ పద్ధతి చేసి చూడాలనుకుంటున్నాను. అలా అయితే వేరు పట్టేదాకా కొమ్మకు తల్లిచెట్టే నీరు తాగిస్తుంది.

ఆగస్టు 24

క్యాన్లను ఒక్కసారిగా తీయకుండా మొదట రోజుకు గంట, తర్వాత పూట, ఆ తర్వాత రాత్రంతా తెరిచి పెడుతూ పది రోజుల్లో పూర్తిగా తీసేశాను. తొందరపడి మొదటి రోజే తెరిచిన ఒక రేకు మొక్క మధ్యాహ్నానికే ఆకులు ముడుచుకుంది, సాయంత్రం మళ్ళీ మూత పెడితే కోలుకుంది. తర్వాత అన్నింటినీ ఎర్రమట్టి, పశువుల ఎరువు, కోకోపీట్ కలిపిన పెద్ద కవర్లలోకి మార్చాను. ఆ కవర్లు కొన్నది పెద్దాయన దగ్గరే. వేర్లు తెల్లగా ఉన్న ఒక గ్లాసును వెంట తీసుకువెళ్ళి చూపిస్తే, తిప్పి తిప్పి చూసి, “గ్లాసుల బెడితిరా!” అని తానూ నాలుగు ఖాళీ గ్లాసులు అడిగి తీసుకున్నాడు.

లేత కొనలకు పిండినల్లి పట్టింది. దూది అంటించినట్టుండే ఆ పురుగును చీమలే ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోస్తున్నాయి. పట్టిన కొనలు తుంచేసి, లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట వారానికొకసారి చల్లాను. ఒక రేకు మొక్క దక్కలేదు.

సెప్టెంబరు 20

ఈ ఉదయం గట్టు మీద మూడడుగులకు ఒకటి చొప్పున అడుగు లోతు గుంతలు తీసి 14 రేకు మందారలు నాటాం. వాచ్‌మన్ గుంతలు తవ్వితే, మూడో అంతస్తు పిల్లలు ఒక్కో మొక్కకూ ఒక్కో చెంబు నీళ్ళు పోశారు. మిగిలిన ఒక్క రేకు మొక్కను వీటిలో ఏదైనా పోతే ఆ స్థానంలో పెట్టడానికి మేడ మీదే ఉంచాను. ముద్ద మందారలు ఆరింటిలో రెండు అక్కకు ఇచ్చాను, తల్లిచెట్టు పక్కనే నాటుకుంది.

హార్డీ మొక్కల్లో ఒకటి మొన్న పూసింది. పళ్ళెమంత కాదు గానీ అరచేయి పరిస్తే అంచులు బయటికి కనిపించేంత తెల్లటి పువ్వు, నడుమ కుంకుమరంగు మచ్చ. మందారలాగే అదీ ఒక్క రోజే ఉంది, మర్నాటికి ముడుచుకుని తడిగుడ్డలా వేలాడింది. పళ్ళెంలో నీరు నింపడానికి వంగినప్పుడు తొట్టి అడుగు రంధ్రంలోంచి మూడు తెల్లటి వేళ్ళు నీటిలోకి దిగి ఉండటం చూశాను. రేపు పెద్ద తొట్టిలోకి మార్చాలి.